పొడుగు మాటకు రెండు కోతలు

(ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి స్మారకోపన్యాసం)



కృష్ణమూర్తి గారి స్మృతిలో జరిగే సభకు, ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికిన నన్ను పిలిచారు. మీది పెద్ద మనసు. ఆయన 1928లో ఒంగోలులో పుట్టారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశారు. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. 2003లో కేంబ్రిడ్జి వాళ్లు అచ్చువేసిన 'ద డ్రవిడియన్ లాంగ్వేజెస్' చూడకుండా ఇవాళ ద్రావిడ భాషల మీద ఎవరూ కలం పట్టరు. 2012లో ఆయన వెళ్లిపోయారు. ఇవన్నీ మీకు తెలిసిన సంగతులే. నేను ఇవాళ తలుచుకోవాలనుకున్నది ఆయన మొదటి పెద్ద పుస్తకం, 1961లో వచ్చిన 'తెలుగు వెర్బల్ బేసెస్'.

ఆ పుస్తకంలో ఆయన చేసిన పనిని ఒక్క మాటలో చెప్పమంటే 'కోత' అంటాను. 'తిరుగు' అంటాం, 'త్రిప్పు' అంటాం. మొదటిదాంట్లో 'గు', రెండోదాంట్లో 'ప్పు' ధాతువులో పుట్టినవి కావు, తరవాత వచ్చి చేరినవి. అడుగున ఉన్న ధాతువు ఒకటే. ఈ సంగతి ఆయన ఊహించి చెప్పలేదు. తమిళం నుంచి కొండల్లోని గిరిజన భాషల దాకా సోదర భాషలన్నిటినీ పక్కపక్కన పెట్టి నిరూపించారు. మాటను ఎక్కడపడితే అక్కడ కోయకూడదనీ, కోసిన ప్రతిచోటా సాక్ష్యం చూపించాలనీ నాలాంటివాళ్లకు నేర్పిన పుస్తకం అది.

ఆయన తెలుగు క్రియల మీద ఆడించిన కత్తిని ఈ సాయంత్రం ఇంగ్లీషు పొడుగు మాటల మీద ఆడిద్దామని నా ఆలోచన. నేను చెప్పదలచుకున్నది ఇంతే. పొడుగు మాటకు రెండు కోతలున్నాయి, ఒకటి నాలుకది, ఒకటి అర్థానిది. ఆ రెండూ చాలాసార్లు ఒకేచోట పడవు. మన తరగతి గదుల్లో ఈ రెండూ నేర్పకుండా పిల్లల చేత లెటర్లు బట్టీ పట్టిస్తున్నాం.

ఒకటి

'టీచర్' అనే మాట తీసుకుందాం. పలికేటప్పుడు 'టీ' అని ఆగి 'చర్' అంటాం. అర్థాన్ని బట్టి విడదీస్తే 'టీచ్' ఒక ముక్క, 'అర్' ఒక ముక్క. 'రీడింగ్' కూడా అంతే, నోటికి 'రీ-డింగ్', బుద్ధికి 'రీడ్-ఇంగ్'. చెరుకు గడను కత్తితో కొట్టేవాడు కణుపు చూసి కొడతాడు, పంటితో కొరికేవాడు వీలున్నచోట కొరుకుతాడు. గడ మాత్రం ఒకటే.

నోటి ముక్కను సిలబుల్ అందాం. భాషాశాస్త్రంలో దీన్ని అక్షరం అనే అంటారు గానీ, ఆ మాట మనకు రాసే అక్షరంతో కలిసిపోయి చిక్కు తెస్తుంది. అర్థపు ముక్కను పదాంశం అందాం. ఈ రెండిటి లెక్కలూ ఒకదానితో ఒకటి పొత్తు కుదరవు. 'బనానా'లో సిలబుల్స్ మూడు, పదాంశం ఒకటే. 'క్యాట్స్'లో సిలబుల్ ఒకటే, పదాంశాలు రెండు. లెటర్ల లెక్క వీటితోనూ కలవదు. 'స్ట్రెంగ్త్స్' రాయడానికి 9 లెటర్లు కావాలి, పలకడానికి ఒక్క సిలబుల్ చాలు. 'ఐడియా'కు 4 లెటర్లే, సిలబుల్స్ మూడు. పైగా ఆ ఒక్క సిలబుల్ స్ట్రెంగ్త్స్‌లో మూడు పదాంశాలు దాక్కుని ఉన్నాయి. 'స్ట్రాంగ్' రూపం మారి 'స్ట్రెంగ్' అయింది, దానికి భావాన్ని చెప్పే 'త్', ఆపైన బహువచనం 'స్'. కాబట్టి ఒక మాట పొడుగు అన్నప్పుడు ఏ కొలబద్దతో పొడుగో ముందు చెప్పాలి.

ఇది ఇంగ్లీషు వాళ్ల వింత కాదు. 'చెట్టెక్కాడు' అనండి. నాలుక 'చెట్-టెక్-కా-డు' అని కోస్తుంది. సంధి తెలిసినవాడు 'చెట్టు' అనీ 'ఎక్కాడు' అనీ విడదీస్తాడు. మన పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రం ఒకసారి గుర్తు చేసుకోండి. ఒకచోట పద్యపాదానికి గణవిభజన చేయమంటారు. అది చెవి కోత. ఇంకోచోట సంధి విడదీయమంటారు. అది అర్థపు కోత. గణవిభజనలో పదం మధ్యన గీత పడితే ఏ మాస్టారూ తప్పు పెట్టరు, పడాలి కూడా. రెండు ప్రశ్నలూ వేరని పదిహేనేళ్ల పిల్లవాడికి తెలుసు. ఆ పిల్లవాడే మర్నాడు ఇంగ్లీషు పరీక్షకు వస్తాడు. అక్కడ ఈ రెండు ప్రశ్నలకూ పెద్దగా చోటుండదు.

రెండు

చెవి కోత సంగతి ముందు చూద్దాం. మన లిపి 'అక్షరం' అనే మాటను అ, క్ష, రం అని మూడుగా చూపిస్తుంది. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అని ఛందస్సు అంటుంది. ఎందుకు గురువయింది? చెవికి వినబడేది 'అక్-ష-రం' గనక. 'క్' వెనక్కి వెళ్లి 'అ'ను బరువెక్కించింది. లిపి ఒకచోట కోస్తే చెవి ఇంకోచోట కోస్తోందని మన లాక్షణికులు గుర్తించి సూత్రం కట్టారు. ఇంగ్లీషు సిలబుల్ అర్థం కావాలంటే మనకు ఇంతకంటే మంచి మెట్టు దొరకదు.

ఇంగ్లీషు సిలబుల్ మనదానికంటే ఇరుకు గది. అచ్చుకు ముందు మూడు హల్లుల దాకా, తరవాత నాలుగు హల్లుల దాకా కుక్కుతుంది. మన నాలుకకు అంత కిక్కిరిసిన గది నచ్చదు. ముందు ఒక కిటికీ తెరిచి 'ఇస్కూలు' అంటుంది, వెనక ఒక వాకిలి పెట్టి 'బస్సు', 'రోడ్డు' అంటుంది. దీన్ని తప్పుడు ఉచ్చారణ అని నవ్వుతారు గానీ, తెలుగు చెవి తన లెక్క ప్రకారం సిలబుల్స్‌ను సరిచేసుకుంటోంది, అంతే.

సిలబుల్ ఎక్కడ తెగుతుందనే విషయం ఇంగ్లీషు వాళ్లకూ తగువే. 1783లో అమెరికా నిఘంటుకర్త నోవా వెబ్‌స్టర్ తన స్పెల్లింగ్ పుస్తకం తెచ్చాడు. అమెరికా పిల్లలు అంతవరకు చదివిన ఇంగ్లండు పుస్తకాల్లో 'క్లస్టర్'ను 'క్ల-స్టర్' అని విడదీసేవారు. నోరు 'క్లస్-టర్' అంటుంటే పుస్తకం ఇంకోలా కోయడమేమిటని వెబ్‌స్టర్ పేచీ పెట్టాడు. 'నేషన్' లాంటి మాటల చివరి ముక్కను రెండు సిలబుల్స్‌గా లెక్కపెట్టే పాత పద్ధతిని తోసేసి ఒక్కటే అన్నాడు. అమెరికా నిఘంటువులు మాటను పంక్తి చివర విరవాలంటే నేటికీ ఎక్కువగా చెవి మాటే వింటాయి. బ్రిటిష్ అచ్చు సంప్రదాయం వ్యుత్పత్తి వైపు మొగ్గింది. 'నాలెడ్జ్'ను అమెరికా వాడు 'ఎల్' తరవాత విరిస్తే, ఇంగ్లండు వాడు 'నో' అనే మాట చెడకుండా 'డబ్ల్యు' తరవాత విరుస్తాడు. చూశారా, రెండు కోతలూ రెండు దేశాల అచ్చు సంప్రదాయాలయి కూర్చున్నాయి.

ఈ పనిని యంత్రానికి అప్పగించినవాళ్లూ ఉన్నారు. స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటరు శాస్త్రవేత్త డోనాల్డ్ నూత్ శిష్యుడు ఫ్రాంక్లిన్ లియాంగ్ 1983లో ఇచ్చిన పరిశోధన వ్యాసం మొత్తం ఇదే, పంక్తి చివర మాటను కంప్యూటరు ఎలా విరవాలి అని. ఆయన వాడినవి సుమారు 4,500 లెటర్ నమూనాలు. వాటితో ఒక చిన్న నిఘంటువులోని విరుపుల్లో 89 శాతం పట్టుకున్నాడు, తప్పులు దాదాపు లేకుండా. అయితే కొన్ని మాటలకు లెటర్లు చాలవు, అర్థం తెలియాలి. 'రికార్డ్' నామవాచకమైతే ఒకచోట విరుగుతుంది, క్రియ అయితే ఇంకోచోట. అర్థం తెలియని విరుపు ఎంత పని చేస్తుందంటే, నరహత్యను చెప్పే 'మ్యాన్‌స్లాటర్'ను ఒక్క లెటరు అవతల విరిస్తే మనిషి నవ్వు, 'మ్యాన్స్ లాఫ్టర్' అవుతుంది. స్పెల్లింగ్ ఏమీ మారదు.

మూడు

సిలబుల్స్ సరిగ్గా విడదీసినా ఇంగ్లీషు మాట నోటికి రాదు. ఊనిక, అంటే నొక్కి పలికే చోటు, ఎక్కడో తెలియాలి. తెలుగులో ఊనిక మారితే అర్థం మారదు కాబట్టి మనం దాన్ని పట్టించుకోం. ఇంగ్లీషులో మాటకు అది వెన్నెముక. అది జరిగితే మాట రూపమే మారిపోతుంది. 'ఫోటోగ్రాఫ్'లో ఊనిక మొదటి సిలబుల్ మీద ఉంది. చివర ఒక్క 'వై' చేర్చండి. ఊనిక రెండోదాని మీదికి దూకుతుంది, మొదటి 'ఫో' వాడిపోయి 'ఫ' అవుతుంది, 'ఫటాగ్రఫి'. 'ఇక్' చేరిస్తే మూడోదాని మీదికి పోతుంది. పదాంశాలు ఫోటో, గ్రాఫ్ అవే. నోట్లో మాత్రం మూడు వేరువేరు మాటలు.

ఇక్కడే ఉపాధ్యాయులకు పనికొచ్చే సంగతి ఒకటుంది. కాస్త ఓపిక పట్టండి. చివర చేరే ప్రత్యయాలు అన్నీ ఒక తీరు కావు. 'ఇక్', 'ఇటీ', 'షన్' లాంటివి ఊనికను తమ ముందరి సిలబుల్ మీదికి లాక్కుంటాయి. 'యూనివర్స్'లో ఊనిక మొదట ఉంటుంది, 'యూనివర్సిటీ' అనగానే 'వర్' మీదికి వస్తుంది. 'ఎకానమీ'లో 'కా' మీద, 'ఎకనామిక్'లో 'నా' మీద. 'నెస్', 'మెంట్', 'ఫుల్', 'లెస్', 'ఇస్ట్' మంచి అతిథులు, వచ్చి కూర్చుంటాయి గానీ ఇంట్లో సామాను జరపవు. 'ఇంజినీర్'లో 'ఈర్', 'ఎంప్లాయీ'లో చివరి 'ఈ' లాంటివి ఊనికను తామే ఎత్తుకుపోతాయి.

'డెవలప్‌మెంట్' మన నాయకుల నోట నిత్యం వినబడే మాట. మనలో నూటికి తొంభైమంది దాన్ని 'డె' మీద నొక్కుతాం. 'డెవలప్' క్రియలో ఊనిక రెండో సిలబుల్ మీద ఉంది, 'మెంట్' దాన్ని కదపదు, కాబట్టి 'డి-వె-లప్-మెంట్' అని రెండోదాని మీదే నొక్కాలి. (సభలో నవ్వులు) నవ్వుతున్నారు గానీ, మనం అందరం కలిసి అలా పలికితే అది భారతీయ ఇంగ్లీషు అవుతుంది, నాకు దాంతో తగువు లేదు. నేను చెప్పేది కారణం గురించి. ప్రత్యయాన్ని గుర్తుపట్టినవాడికి ఊనిక నిఘంటువు చూడకుండానే తెలిసిపోతుంది. అంటే అర్థపు కోత తెలిస్తేనే నోటి కోత కుదురుతుంది.

నాలుగు

ఇంగ్లీషు స్పెల్లింగ్ మీద మనకు ఉన్న కోపం లోకవిదితం. రాసేదొకటి పలికేదొకటి అని తిట్టుకోని తెలుగువాడు లేడు. మన లిపి నోటి పక్షాన నిలబడుతుంది గనక మనకు అలా తోస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ చాలాచోట్ల అర్థం పక్షం. 1968లో భాషాశాస్త్రవేత్తలు నోమ్ చామ్‌స్కీ, మారిస్ హాలె కలిసి రాసిన 'ద సౌండ్ ప్యాటర్న్ ఆఫ్ ఇంగ్లిష్'లో, ఈ స్పెల్లింగ్ పద్ధతి ఆ భాషకు దాదాపు అతికినట్టు సరిపోతుందని వాదించారు. వినగానే ఒళ్లు మండే మాటే. కానీ చూడండి.

'సైన్'లో 'జి' పలకదు. 'సిగ్నేచర్'లో పలుకుతుంది. 'బాంబ్' చివరి 'బి' మూగది, 'బంబార్డ్'లో నోరు తెరుస్తుంది. శరత్తును చెప్పే 'ఆటమ్' చివరి 'ఎన్' 'ఆటమ్నల్'లో బయటపడుతుంది. 'ఎలక్ట్రిక్'లో 'సి'ని 'క్' అంటాం, 'ఎలక్ట్రిసిటీ'లో 'స్', 'ఎలక్ట్రిషియన్'లో 'ష్'. పలికినట్టే రాసి ఉంటే ఈ మూడూ ఒక ఇంటివని కంటికి తెలిసేది కాదు. భూతకాలపు 'ఇ-డి' కూడా అంతే. 'వాక్'కు 'ట్' లాగా, 'ప్లే'కు 'డ్' లాగా, 'వాంట్'కు 'ఇడ్' లాగా పలుకుతుంది. రాత మాత్రం మూడింటికీ ఒకటే, ఎందుకంటే అర్థం ఒకటే.

మన ఊళ్లలో లాడ్జీల బోర్డులు చూస్తుంటాను. 'అకామడేషన్' అనే మాటను ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ రాస్తారు. ఒక 'సి'తో, ఒక 'ఎమ్'తో, కొన్నిచోట్ల రెండిటికీ పొదుపు పాటించి. లెటర్లు బట్టీ పట్టినవాడికి ఇది ఎప్పటికీ గుర్తుండదు. కోసి చూడండి. లాటిన్‌లో 'అడ్' ఒక ఉపసర్గ, 'కామ్' ఒక ఉపసర్గ, 'మోడ్' ధాతువు. 'అడ్'లోని 'డ్' పక్కనున్న 'క్' వల్ల తానూ 'క్' అయిపోయింది. సత్ + జనుడు సజ్జనుడు అయినట్టు, ఉత్ + లేఖనం ఉల్లేఖనం అయినట్టు. కాబట్టి 'సి' రెండు. 'కామ్' చివరి 'మ్', 'మోడ్' మొదటి 'మ్' కలిశాయి కాబట్టి 'ఎమ్' రెండు. 'ఇంపాజిబుల్', 'ఇల్లీగల్', 'ఇర్రెగ్యులర్' మూడింట్లోనూ ముందున్నది ఒకే 'ఇన్', పక్కవాడిని బట్టి వేషం మార్చింది. సంధి చదువుకున్న మన పిల్లలకు ఈ పాఠం పావుగంట పని. ఇంగ్లండు పిల్లలకంటే మన పిల్లలకే సులువు అంటాను.

స్పెల్లింగ్‌ను మరీ నెత్తిన పెట్టుకోవద్దు. పండితులు అతితెలివితో దూర్చిన లెటర్లూ ఉన్నాయి. 'డెట్' ఫ్రెంచి నుంచి 'బి' లేకుండా వచ్చింది. లాటిన్ మూలం చూపించాలని తరవాత దూర్చారు. అది పోనీ, నిజమైన చుట్టరికమే. 'ఐలండ్'లో 'ఎస్' మాత్రం శుద్ధ తప్పు. అది ఇంగ్లీషులో పుట్టిన పాత మాట. లాటిన్ వంశానికి చెందిన 'ఐల్' చుట్టమనుకుని దానికీ 'ఎస్' తగిలించారు. అర్థపు కోత కూడా గుడ్డిగా వేస్తే ఇలాగే ఉంటుంది.

అయిదు

ముక్కలు తెలిస్తే చాలదు, ఏ వరసలో అతికించారో తెలియాలి. 'అన్‌లాకబుల్' అనే మాటలో పదాంశాలు మూడు. 'లాకబుల్'కు 'అన్' చేరిందనుకుంటే తాళం వేయలేనిది. 'అన్‌లాక్'కు 'ఏబుల్' చేరిందనుకుంటే తాళం తీయగలిగింది. ముక్కలు అవే, అర్థాలు ఎదురెదురు. తెలుగులో ఈ ఇబ్బంది తక్కువ. 'చెప్పించుకోలేకపోయారట' ఎంత పొడుగైనా, చేర్పులన్నీ వెనకవైపే, బండి పెట్టెల్లాగా ఒకదాని తరవాత ఒకటి. ఇంగ్లీషు మాట ముందూ వెనకా రెండువైపులా పెరుగుతుంది.

పిల్లలు పందెం కట్టి చెప్పుకునే 'యాంటీడిస్ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం' ఉంది కదా, 28 లెటర్లు, 12 సిలబుల్స్. పలకడానికి నోరు తిరగదు గానీ విప్పితే ఒక చరిత్ర పాఠం. 'ఎస్టాబ్లిష్' అంటే స్థాపించడం, ఇక్కడ చర్చిని రాజ్యాంగబద్ధంగా నిలపడం. 'డిస్' చేరితే ఆ బంధం తెంచడం. 'మెంట్' ఆ పని పేరు. 'ఏరియన్' ఆ పని కోరేవాడు. 'యాంటీ' వాడికి అడ్డుపడేవాడు. 'ఇజం' ఆ అడ్డుపడేవాడి వాదం. 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో ఇది వేడి రాజకీయం. ఐర్లండులో చర్చిని రాజ్యం నుంచి విడదీస్తూ 1869లో చట్టం వచ్చింది. ఒక్కో ముక్క ఒక్కో వాదవివాదం. దీనికంటే పొడుగైన ఊపిరితిత్తుల జబ్బు పేరు, 45 లెటర్లది, ఒకటుంది. అది 1935లో అమెరికాలో పజిళ్ల సంఘం అధ్యక్షుడొకాయన పొడుగు కోసమే కట్టిన మాట. దాని మీద సమయం వృథా చేయను.

మనకు నిజంగా కావలసినవి ఆసుపత్రి మాటలు. రిపోర్టు చేతిలో పెడతారు, ఇంటిల్లిపాదీ దాన్ని పట్టుకుని బెంగపడతారు. 'ఎక్టమీ' అంటే కోసి తీసేయడం, 'ఆటమీ' అంటే కోయడం, 'ఆస్టమీ' అంటే నోరు లాంటి దారి పెట్టడం. 'కోలె' పిత్తం, 'సిస్ట్' సంచి, కాబట్టి 'కోలెసిస్టెక్టమీ' పిత్తాశయం తీసేసే ఆపరేషను. 'టమ్' అంటే గ్రీకులో కోత. 'ఆటమ్', అణువు, అంటే కోయరానిది. ముందున్న 'అ', కాదు అని చెప్పే మన 'అ'యే. అచ్చు ముందు మనకు 'అన్' వస్తుంది, అనారోగ్యం, అనంతం. గ్రీకులోనూ అంతే, రక్తం లేమి 'ఎనీమియా'లో ముందున్నది ఆ 'అన్'.

'హైపర్', 'హైపో' అనే జంట మరీ జాగ్రత్తగా వినవలసింది. బీపీ ఎక్కువైతే 'హైపర్‌టెన్షన్', తక్కువైతే 'హైపోటెన్షన్'. చెవికి తేడా ఒక్క 'ర్', మందుకు తేడా ఆకాశం పాతాళం. 'హైపర్' మన 'ఉపరి'కి, 'హైపో' మన 'ఉప'కు వరసైన చుట్టాలు. ఉపరితలం పైన ఉంటుంది, ఉపాధ్యక్షుడు కింద ఉంటాడు. అలా గుర్తుపెట్టుకోమని నర్సింగ్ విద్యార్థినులకు చెప్పేవాణ్ని. అధ్యక్షులవారు క్షమించాలి.

అమెరికాలో 1925 నుంచి జాతీయ స్పెల్లింగ్ బీ పోటీ జరుగుతోంది. మన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది అందులో వేదిక ఎక్కుతున్నారు. టీవీలో చూసినప్పుడు ఆ పిల్లలు అడిగే ప్రశ్నలు గమనించండి. ఏ భాష నుంచి వచ్చింది, అర్థమేమిటి, ఇందులో ఫలానా గ్రీకు ధాతువు ఉందా. మాట ఎప్పుడూ వినకపోయినా పదాంశాలుగా కోసి, ఆ భాష రాత పద్ధతి గుర్తు చేసుకుని రాసేస్తారు. జ్ఞాపకశక్తి గొప్పదే, కాదనను. కత్తి ఎక్కడ పెట్టాలో తెలియడం అంతకంటే గొప్పది.

ఆరు

ఇంతవరకు అర్థపు ముక్కకు అర్థం ఉంటుందన్నట్టు మాట్లాడాను. ఇప్పుడు ఆ మాట కాస్త వెనక్కి తీసుకోవాలి. 'రిసీవ్', 'డిసీవ్', 'పర్సీవ్', 'కన్సీవ్' అన్నింట్లో 'సీవ్' ఉంది. ఇంగ్లీషులో 'సీవ్' అంటే ఏమిటి? ఏమీ లేదు. లాటిన్‌లో ఒకప్పుడు పట్టుకోవడం అనే అర్థం ఉండేది, ఇప్పటి ఇంగ్లీషు వాడికి అది తెలియదు. అయినా ఈ నాలుగూ 'షన్' చేరగానే ఒకేలాగా 'సెప్షన్' అవుతాయి, 'రిసెప్షన్', 'డిసెప్షన్', 'పర్సెప్షన్', 'కన్సెప్షన్'. అర్థం పోయినా ముక్క ముక్కగానే బతికి ఉంది. అంటే పదాంశానికి సాక్ష్యం అర్థమొక్కటే కాదు, నడవడి కూడా. కృష్ణమూర్తి గారు 'తిరుగు'లో 'గు'ను వేరు చేసింది కూడా దాని నడవడి చూసే. విడిగా 'గు'కు అర్థం చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

యూరప్ వ్యాకర్తలు చాలా శతాబ్దాలు మాటను మాటగానే చూశారు, లోపలికి కోయలేదు. ప్రకృతి, ప్రత్యయం అని విడదీసే విద్యను సంస్కృత వ్యాకరణం చూశాక 19వ శతాబ్దంలో నేర్చుకున్నారు. ఆ విద్య మన పెరట్లో మొలిచింది. మనవాళ్లు సంస్కృతం మీద, తెలుగు మీద వాడారు గానీ ఇంగ్లీషు మీద వాడవచ్చని మన పాఠ్యపుస్తకాలు రాసేవారికి ఎందుకో తోచలేదు.

పండితులు ఎంత సరిగ్గా కోసినా, జనం తమ కోత తాము కోస్తారు. 'హెలికాప్టర్' 1861లో ఫ్రాన్స్‌లో కట్టిన మాట. గ్రీకులో 'హెలికో' అంటే మెలి తిరిగినది, 'ప్టెర్' అంటే రెక్క. జనానికి 'ప్ట'తో మొదలయ్యే ముక్క నోటికి రాదు. 'హెలి-కాప్టర్' అని కోశారు. అంతే, ఇటు 'హెలిప్యాడ్', అటు 'క్వాడ్‌కాప్టర్'. మంత్రులు దిగే మైదానంలో సున్నంతో గీసిన గుండ్రం పేరు ఒక తప్పుకోతకు పుట్టింది. 'హాంబర్గర్' హాంబర్గ్ నగరం పేరిటిది. 'హామ్' అంటే పంది మాంసం కదా అని కోసి 'బర్గర్'ను విడిగా అమ్మారు, ఇప్పుడు ఆలూ బర్గర్ కూడా దొరుకుతోంది. 'ఆల్కహాలిక్'లో 'అల్' అరబ్బీ మాట, 'కుహ్ల్' అంటే కాటుక. ఆ కణుపు వదిలేసి నడిమధ్య నరికి 'వర్కహాలిక్' చేశారు. 'మారథాన్' ఒక ఊరి పేరు, దాని తోక తెచ్చి మన హైదరాబాదులో 'హ్యాకథాన్' నడుపుతున్నాం. వాషింగ్టన్‌లో 'వాటర్‌గేట్' ఒక భవన సముదాయం. 1972 నాటి కుంభకోణం తరవాత 'గేట్' అంటేనే కుంభకోణం అయింది, బొగ్గు గనుల వివాదం మన దేశంలో 'కోల్‌గేట్' అయింది. వీటిని తప్పులు అనడానికి నాకు నోరు రాదు. 'కాప్టర్'కు గ్రీకులో అర్థం లేకపోవచ్చు, ఇంగ్లీషులో ఉంది. జనం కోసిన చోటల్లా కొత్త కణుపు పుడుతుంది.

ఈ వరసలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మనందరం ఎక్కే బస్సు. లాటిన్‌లో 'ఒమ్నిస్' అంటే అందరూ. 'ఒమ్నిబస్' అంటే అందరికీ. 'ఒమ్ని' ప్రకృతి, 'బస్' ఉత్త విభక్తి ప్రత్యయం, బహువచన చతుర్థి. 1820లలో ఫ్రాన్స్‌లోని నాంత్ పట్టణంలో అందరూ ఎక్కగల గుర్రబ్బండికి ఆ పేరు వచ్చింది. 1829లో జార్జ్ షిల్లిబీర్ లండన్‌లో ప్యాడింగ్టన్ నుంచి బ్యాంక్ దాకా అలాంటి బండి నడిపాడు. పేరు పొడుగైందని ఇంగ్లీషు వాళ్లు కోశారు. కోసి ప్రకృతిని పారేసి ప్రత్యయాన్ని ఉంచుకున్నారు! మన 'అందరికీ'లో 'అందరి' తీసేసి 'కీ' ఎక్కి ఊరెళ్లడం లాంటిది. లాటిన్ పండితుడు తల బాదుకుని ఉంటాడు. బండి ఆగలేదు. ఆ 'బస్' మన దగ్గరికి వచ్చేసరికి, ఇందాక చెప్పిన వాకిలి తగిలి 'బస్సు' అయింది. దాని మీద మళ్లీ మన విభక్తి పెట్టి 'బస్సుకు టైమైంది' అంటున్నాం. విభక్తి మీద విభక్తి.

పారేసిన ప్రకృతి కూడా వృథా పోలేదు. మారుతి వాళ్లు దాన్ని ఏరుకుని తమ వ్యానుకు 'ఓమ్ని' అని పెట్టుకున్నారు. రెండు ముక్కలూ ఒకే రోడ్డు మీద చాలా ఏళ్లు వేరువేరుగా తిరిగాయి. అతికిన మాట చూడాలని ఎవరికైనా అనిపిస్తే మన మోటారు వాహనాల చట్టం, 1988 తెరవండి. రెండో సెక్షన్‌లో డ్రైవరు కాక ఆరుగురికి మించి ఎక్కించుకునే వాహనానికి చట్టం పెట్టిన పేరు 'ఆమ్నిబస్'.